ముందు బంతి, కడబంతి: తొలి క్రైస్తవ సంఘం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం ఆరాధన ముగిశాక గుడి బయట చెట్టు కింద నిలబడి అడిగేవారు కొందరు, క్రైస్తవులు కాకపోయినా చరిత్ర మీద ఆసక్తితో అడిగేవారు కొందరు. ఇన్నేళ్ళలో మళ్ళీ మళ్ళీ ఎదురైన ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాను. పేర్లు తెలుగు బైబిలులో ఉన్నట్టే వాడాను. కథోలికులు శ్రీసభ అనేదాన్ని ప్రొటెస్టంట్లు సంఘం అంటారు. నాకు అలవాటైన మాట సంఘం. జవాబుల్లో తిండి ప్రస్తావన మరీ ఎక్కువైందని ఒక మిత్రుడు నవ్వాడు. అందులో నా తప్పేమీ లేదు, ఆ మొదటి తరం రాసుకున్న ఉత్తరాలే అలా ఉన్నాయి.

తొలి సంఘం ఎప్పుడు, ఎక్కడ మొదలైంది?

యెరూషలేములో, యేసు సిలువ మరణం తర్వాత వచ్చిన పెంతెకొస్తు నాడు అని కొత్త నిబంధనలోని అపొస్తలుల కార్యములు అనే పుస్తకం చెబుతుంది. ఆ మరణం క్రీ.శ. 30లో గానీ 33లో గానీ జరిగిందని చరిత్రకారుల్లో ఎక్కువమంది లెక్క. పెంతెకొస్తు అప్పటికే ఉన్న యూదుల పండుగ. పస్కా తర్వాత యాభయ్యో రోజున వస్తుంది, దూరదేశాల నుంచి యాత్రికులు వస్తారు, ఊరు కిటకిటలాడుతుంది. ఆనాటికి విశ్వాసుల సంఖ్య సుమారు 120. అందరూ యూదులే. కొత్త మతం పెడుతున్నామన్న ఆలోచన వారిలో ఎవరికీ ఉన్నట్టు కనబడదు. రోజూ దేవాలయానికి వెళ్ళేవారు, ఇళ్ళకు వచ్చి రొట్టె విరిచేవారు.

ఒకే రోజు మూడు వేల మందికి బాప్తిస్మం ఇవ్వడం సాధ్యమేనా?

ఆ పెంతెకొస్తు నాడే సుమారు మూడు వేలమంది బాప్తిస్మం తీసుకుని చేరారని అపొస్తలుల కార్యములలో ఉంది. ఇది అడిగేవారు సాధారణంగా నీళ్ళ గురించి అడుగుతారు. కొండల మీద ఉన్న ఊరు, నది లేదు, అన్ని నీళ్ళెక్కడివి అని. యెరూషలేములో దేవాలయానికి దక్షిణం వైపు తవ్వకాల్లో మెట్లు దిగి మునిగే శుద్ధి స్నానపు తొట్లు చాలా బయటపడ్డాయి. గుడికి వెళ్ళే ముందు యాత్రికులు మునగవలసినవి అవి. కాబట్టి నీళ్ళకు లోటు లేదు.

ఇక మనుషుల లెక్క. దానికి మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో, వెలంపల్లి దగ్గర, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. అప్పుడే 1876-78 నాటి పెద్ద కరువు దాటి వచ్చినవారు. కరువు పనుల కోసం, తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ అంతకుముందు ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ రోజు ఆయన నీళ్ళలోకి దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకున్నారు. ఇద్దరు అలసిపోతే ఒడ్డున ఉన్న మరో ఇద్దరు దిగేవారు. పొద్దున మొదలుపెట్టి, మధ్యాహ్నం కాసేపు ఆగి, సాయంత్రానికల్లా ముగించారు. ఒక్కసారికి నీళ్ళలో ఉన్నది ఇద్దరే. పన్నెండుమంది అపొస్తలులు దిగితే మూడు వేలు పెద్ద లెక్క కాదు. అపొస్తలుల కార్యములు రాసిన లూకా ఇచ్చిన అంకె కచ్చితమైనదా, ఉజ్జాయింపా అన్నది వేరే చర్చ. జరగనే జరగదు అనడానికి మాత్రం వీల్లేదు.

శిష్యుడు అంటే ఎవరు? అపొస్తలుడికీ శిష్యుడికీ తేడా ఏమిటి?

గ్రీకు మూలంలో శిష్యుడు అంటే నేర్చుకునేవాడు, అపొస్తలుడు అంటే పంపబడినవాడు. మార్కు సువార్తలో యేసు పన్నెండుమందిని నియమించినప్పుడు మొదటి కారణం 'తనతో ఉండడానికి' అని ఉంటుంది, ప్రకటించడానికి పంపడం రెండోది. తెలుగువారికి ఇది విడమరచి చెప్పనక్కర లేదు. గురువు దగ్గర చేరినవాడు ఆయన ఇంట్లోనే ఉండి, ఆయనతో తిని, ఆయన నడిచిన దారిలో నడిచి నేర్చుకోవడం మనకు తెలిసిందే.

ఆశ్చర్యం ఏమిటంటే, సువార్తల్లోనూ అపొస్తలుల కార్యములలోనూ అడుగడుగునా కనబడే 'శిష్యుడు' అనే మాట పత్రికల్లో, అంటే కొత్త నిబంధనలోని ఉత్తరాల్లో, ఒక్కసారి కూడా రాదు. అక్కడ అందరూ సహోదరులు, పరిశుద్ధులు. గురువు కళ్ళెదుట ఉన్నంతకాలం శిష్యులు, తర్వాత ఒకరికొకరు తోబుట్టువులు అని నేను అర్థం చేసుకుంటాను. 'శిష్యురాలు' అనే స్త్రీలింగ రూపం కొత్త నిబంధన మొత్తంలో ఒక్కరికే దక్కింది. యొప్పేలో విధవరాళ్ళకు బట్టలు కుట్టిపెట్టిన తబితాకు.

విశ్వాసం అంటే దేవుడున్నాడని నమ్మడమేనా?

కాదు. ఇక్కడ తెలుగు మనకు గొప్ప మేలు చేసింది. 'కుక్కకున్న విశ్వాసం కూడా లేదు' అని తిడతాం కదా, అక్కడ విశ్వాసం అంటే నమ్మడం కాదు, నమ్ముకున్నవాడిని విడవకపోవడం. తొలి సంఘాలకు ఉత్తరాలు రాసిన అపొస్తలుడు పౌలు వాడిన 'పిస్తిస్' అనే గ్రీకు మాటలోనూ ఈ రెండర్థాలూ ఉన్నాయి. ఎదుటివాడిని నమ్మడం, ఎదుటివాడికి నమ్మకంగా ఉండడం. యేసే ప్రభువు అని ఒప్పుకున్నవాడు ఒక సిద్ధాంతానికి తల ఊపి ఊరుకోలేదు, తాను ఎవరి పక్షమో బయటపెట్టుకున్నాడు. రోము చక్రవర్తినీ ప్రభువనే పిలిచే రోజుల్లో ఆ మాటకు ఖరీదు ఉండేది.

'క్రైస్తవులు' అన్న పేరు ఎవరు పెట్టారు?

వాళ్ళు పెట్టుకున్నది కాదు, ఊరివాళ్ళు పెట్టింది. అంతియొకయలో మొదటిసారి అలా పిలిచారని అపొస్తలుల కార్యములు చెబుతుంది. హేరోదు పక్షంవారిని హేరోదీయులు అన్నట్టే క్రీస్తు పక్షంవారు క్రైస్తవులు. కొత్త నిబంధనలో ఆ మాట మూడుచోట్లే ఉంది. తమ సంగతిని వాళ్ళు 'ఈ మార్గము' అనుకునేవారు.

దమస్కు దారిలో సౌలు పేరు పౌలుగా మారిందా?

సంఘాన్ని హింసించిన సౌలు దమస్కుకు వెళ్ళే దారిలో యేసు విశ్వాసి అయ్యాడు, పేరు మాత్రం అక్కడ మారలేదు. ప్రాస బాగా కుదరడంతో ప్రసంగాల్లో ఈ మాట పాతుకుపోయింది. సౌలు యూదు పేరు, పౌలు రోమను పేరు. రెండూ ఆయనవే. దమస్కు తర్వాత కూడా ఆయన చాలాకాలం సౌలే. కుప్ర (సైప్రస్) ద్వీపంలో సెర్గి పౌలు అనే అధిపతి ఎదుట నిలిచిన సందర్భంలో 'పౌలు అనబడిన సౌలు' అని మొదటిసారి వస్తుంది. అన్నట్టు, దమస్కు దారిలో గుర్రం కూడా లేదు. అది చిత్రకారులు ఎక్కించిన గుర్రం.

తొలి సంఘంలో గొడవలే లేవా? అందరూ ఏకమనస్సుతో ఉన్నారు కదా?

ఉన్నారు. గొడవలూ ఉన్నాయి. ఇంకా చెప్పాలంటే ఆ గొడవల్లో పెద్దవన్నీ భోజనం దగ్గరే వచ్చాయి. ఎవరు ఎవరికి వడ్డిస్తారు, ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారు, ఎవరు ముందు తింటారు, ఏమి తినవచ్చు. సహపంక్తి భోజనం అనే మాటకు ఎంత బరువుందో తెలిసిన మన ప్రాంతంవారికి ఈ గొడవలు దూరపువిగా అనిపించవు.

మొదటిది యెరూషలేములో. విధవరాళ్ళకు రోజూ అన్నం పెట్టే ఏర్పాటు ఉండేది. గ్రీకు మాట్లాడే యూదుల విధవరాళ్ళను వడ్డనలో చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు మొదలైంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని మన సామెత. వడ్డించేవాడు తమవాడు కాకపోవడమే వాళ్ళ బాధ. అపొస్తలులు ఏడుగురిని ఏర్పాటు చేశారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. అంటే ఫిర్యాదు చేసినవారి చేతికే గరిటె ఇచ్చారు. సంఘ పరిపాలనలో ఇంత తెలివైన నిర్ణయం ఆ తర్వాత ఎన్నిసార్లు జరిగిందో చెప్పడం కష్టం.

రెండోది అంతియొకయలో. రోము, అలెగ్జాండ్రియాల తర్వాత సామ్రాజ్యంలో అంత పెద్ద నగరం అది. ఇప్పుడు తుర్కియేలోని అంటాక్యా. అక్కడ యూదులూ అన్యజనులూ, అంటే యూదులు కానివారూ, ఒకే బల్ల దగ్గర తినేవారు. అపొస్తలుడు పేతురూ వచ్చి వాళ్ళతో కలిసి తిన్నాడు. యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర నుంచి కొందరు రాగానే వెనక్కి తగ్గి, వేరుగా కూర్చున్నాడు. మిగతా యూదులూ లేచారు, చివరికి పౌలు తోటి పనివాడు బర్నబా కూడా లేచాడు. పౌలు ఊరుకోలేదు, అందరి ముందే పేతురును నిలదీశాడు. ఈ సంగతి గలతీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో పౌలే చెబుతాడు. విశ్వాసం వలన నీతిమంతులుగా తీర్చబడడం గురించి ఆయన చెప్పిన మాటలు, తర్వాతి కాలంలో గ్రంథాలకు గ్రంథాలు పుట్టించిన ఆ మాటలు, ఒక బంతిలో నుంచి కొందరు లేచి వెళ్ళిన సందర్భంలో వచ్చాయి. దీన్ని వేదాంతంగానే చదివి, లేచి వెళ్ళినవారి ఖాళీ పీటలను చూడకుండా వదిలేస్తే సగం పత్రిక పోయినట్టే.

మూడోది కొరింథులో. ఇక్కడ కులమో జాతో కాదు, డబ్బు. సంఘం ఒక కలిగినవారి ఇంట్లో కూడేది. ఆ కాలపు రోమను భోజనశాలలో ఆనుకుని పడుకుని తినేందుకు తొమ్మిదిమందికి చోటు. మిగతావారు బయట వసారాలో కూర్చోవాలి. తీరిక ఉన్నవారు ముందే వచ్చి తాము తెచ్చుకున్నది తినేసేవారు, తాగేసేవారు. పని ముగించుకుని వచ్చే కూలీకీ బానిసకూ ఏమీ మిగిలేది కాదు. ఒకడు ఆకలితో, ఒకడు మత్తులో. లేనివారిని సిగ్గుపరుస్తారా అని పౌలు మండిపడ్డాడు. ఆ కోపంలోనే, వాళ్ళకు గుర్తుచేయడానికే, ప్రభువైన యేసు తాను అప్పగింపబడిన రాత్రి ఒక రొట్టె ఎత్తుకుని అంటూ మొదలుపెట్టాడు. నేటికీ మన గుళ్ళలో బల్ల దగ్గర చదివే మాటలు అవే. క్రీ.శ. 54, 55 ప్రాంతంలో రాసిన ఈ పత్రిక నాలుగు సువార్తల కంటే పాతది. అంటే ఆ రాత్రి భోజనం గురించి మనకు దొరికిన అతి పాత రాత ఒక మందలింపు మధ్యలో ఉంది.

యెరూషలేము సభలో ఏమి తేల్చారు?

అన్యజనులు యేసును నమ్మితే సున్నతి చేయించుకోవాలా, యూదుల ధర్మశాస్త్రమంతా పాటించాలా అన్నది ప్రశ్న. క్రీ.శ. 49 ప్రాంతంలో జరిగింది. సున్నతి అక్కరలేదన్నారు. విగ్రహాలకు అర్పించినవి, రక్తం, గొంతు పిసికి చంపినది, జారత్వం, ఈ నాలుగూ వద్దన్నారు. నాలుగింటిలో మూడు వంటింటివే. ఇరువైపులవారూ ఒకే ఇంట్లో తినగలగాలన్నదే ఈ షరతుల వెనుక ఉన్న ఆలోచన అని చాలామంది పండితులు చెప్పే మాట నాకూ సబబుగా తోస్తుంది.

పౌలు తేదీలు ఇంత గట్టిగా ఎలా చెబుతారు?

ఒక రాతి పలక వల్ల. కొరింథులో పౌలును గల్లియో అనే అధిపతి ముందుకు లాక్కొచ్చారని అపొస్తలుల కార్యములలో ఉంది. గ్రీసులోని డెల్ఫీలో దొరికిన శాసనం ముక్కల్లో క్లౌదియ చక్రవర్తి ఆ గల్లియో పేరు ప్రస్తావించాడు. దాన్ని బట్టి ఆయన అక్కడ అధికారంలో ఉన్నది 51, 52 ప్రాంతమని తేలింది. పౌలు జీవితంలో మిగతా సంవత్సరాలను ఆ మేకుకు తగిలించి ముందుకూ వెనక్కూ లెక్కవేస్తారు.

అప్పట్లో గుళ్ళు ఉండేవా?

ఉండేవి కావు. ఇళ్ళే. ప్రిస్కిల్ల, అకుల దంపతుల ఇల్లు, ఫిలిప్పీలో ఊదారంగు వ్యాపారం చేసే లూదియ ఇల్లు, ఇలా.

ఇల్లు గుడిగా మారిన దశ కళ్ళారా చూడాలంటే సిరియాలో యూఫ్రటీసు ఒడ్డున ఉన్న డ్యూరా యూరోపస్ శిథిలాలే దిక్కు. మూడో శతాబ్దం మొదటి సగంలో అక్కడ ఒక మామూలు ఇంటిని సంఘం కోసం మార్చారు. రెండు గదుల మధ్య గోడ కొట్టేసి పెద్ద గది చేశారు. ఇంకో చిన్న గదిలో బాప్తిస్మపు తొట్టె కట్టి, గోడల మీద బొమ్మలు వేశారు. గొర్రెను భుజాన మోస్తున్న కాపరి, పరుపెత్తుకుని నడిచే పక్షవాత రోగి, నీళ్ళ మీద యేసు, పేతురు. క్రీ.శ. 256 ప్రాంతంలో పారసీకుల ముట్టడి వచ్చినప్పుడు కోటగోడ బలం కోసం పక్కనున్న వీధిని ఇళ్ళతో సహా మట్టితో నింపేశారు. ఊరు పడిపోయింది, బొమ్మలు మాత్రం ఆ మట్టి కింద మిగిలిపోయాయి.

వాళ్ళ చేతిలో బైబిలు ఉండేదా?

మనకున్నట్టు లేదు. యూదుల లేఖనాలు ఉండేవి, చాలామందికి గ్రీకు అనువాదంలో. పౌలు ఉత్తరాలు సంఘం నుంచి సంఘానికి చేతులు మారేవి. వాటిలో పాతదిగా ఎక్కువమంది చెప్పే థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక సుమారు 50లోది. ఇప్పుడున్న 27 పుస్తకాల జాబితా అచ్చంగా కనబడేది 367లో అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియస్ రాసిన ఈస్టరు లేఖలో.

ఆదివారం ఏమి చేసేవారు?

రోములో ఉన్న జస్టిన్ అనే క్రైస్తవ రచయిత 150ల నాటికి రాసిపెట్టాడు. అపొస్తలుల జ్ఞాపకాలు గానీ ప్రవక్తల రాతలు గానీ సమయం ఉన్నంతసేపు చదువుతారు. పెద్ద లేచి హెచ్చరిస్తాడు. అందరూ నిలబడి ప్రార్థిస్తారు. రొట్టె, ద్రాక్షారసం, నీళ్ళు తెస్తారు. రాలేనివారి ఇళ్ళకు పరిచారకులు తీసుకువెళ్ళి ఇస్తారు. కలిగినవారు తోచినంత ఇస్తారు, అది అనాథలకు, విధవరాళ్ళకు, రోగులకు, చెరసాలలో ఉన్నవారికి, పరదేశులకు. పాటల సంగతి ఆయన ఇక్కడ చెప్పలేదు. మన పాటల బృందాలు నొచ్చుకోవద్దు, పాటలున్నాయని వేరేచోట్ల సాక్ష్యం ఉంది.

స్త్రీలకు స్థానం ఉండేదా?

రోమీయులకు రాసిన పత్రిక పదహారో అధ్యాయం తీయండి. పేర్ల జాబితా అని చాలామంది దాటేస్తారు. మొదటి పేరే ఫీబే, కెంక్రేయ సంఘ పరిచారకురాలు. ఆ పత్రికను రోముకు మోసుకెళ్ళింది ఆమే అని పండితులు అనుకుంటారు. తర్వాత ప్రిస్కిల్ల, భర్త పేరు కంటే ముందు. అదే జాబితాలోని యూనీయ స్త్రీయేనా, అపొస్తలుల్లో ఒకరా అని ఇంకా వాదిస్తూనే ఉన్నారు. స్త్రీలు మాట్లాడకూడదనే వాక్యాలూ కొత్త నిబంధనలోనే ఉన్నాయి, నిజమే. వాటిని కంఠస్థం చేసినవారు ఈ జాబితానూ ఒకసారి గట్టిగా చదవాలని నా విన్నపం.

బోధకులకు జీతం ఉండేదా?

సువార్త ప్రకటించేవాడు దాని వలన బతకవచ్చునని పౌలే రాశాడు, తాను మాత్రం కొరింథులో డేరాలు కుట్టి బతికాడు. ఫిలిప్పీవారు పంపిన సాయాన్ని కాదనలేదు.

ఇంతకంటే సరదా అయినది 'దిడాకే' అనే చిన్న పుస్తకం. మొదటి శతాబ్దం చివరో రెండో శతాబ్దం మొదలో రాసింది, 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో ఒక రాతప్రతి దొరికేదాకా కనుమరుగైపోయింది. ఊరూరా తిరిగే బోధకులను ఎలా పరీక్షించాలో అందులో ఉంది. వచ్చినవాడు ఒక రోజు ఉండవచ్చు, అవసరమైతే రెండు. మూడో రోజూ ఉంటే అబద్ధ ప్రవక్త. వెళ్ళేటప్పుడు దారికి రొట్టె ఇవ్వండి, డబ్బు అడిగితే అబద్ధ ప్రవక్త. ఆత్మావేశంలో భోజనం సిద్ధం చేయమని ఆజ్ఞాపించి, దాన్ని తానే తింటే అప్పుడూ అబద్ధ ప్రవక్తే. ఈ మూడో నియమం రాయాల్సి వచ్చిందంటే, అలా తిన్నవాడు ఎవడో ఒకడు ఉండి ఉంటాడు.

రోమనులు వారిని ఎందుకు హింసించారు?

మూడు వందల ఏళ్ళూ ఎడతెగకుండా హింస సాగలేదు. వచ్చి పోతుండేది, ఒక్కోచోట ఒక్కోలా. 64లో రోము తగలబడినప్పుడు నీరో నింద వాళ్ళ మీద వేశాడు. 112 ప్రాంతంలో నల్లసముద్రం దగ్గరి బితూనియ అధిపతి ప్లినీ చక్రవర్తి త్రాజానుకు రాసిన ఉత్తరం చదివితే అధికారి తల ఎలా వేడెక్కిందో తెలుస్తుంది. ఒకప్పుడు క్రైస్తవులమని ఒప్పుకున్నవారిని విచారించాడు, పరిచారికలనబడే ఇద్దరు దాసీలను చిత్రహింస పెట్టి అడిగాడు. తెల్లవారక ముందే కూడి, క్రీస్తును దేవుడిగా కీర్తించి, దొంగతనం, వ్యభిచారం చేయబోమని ఒట్టు పెట్టుకుని, తర్వాత మళ్ళీ కలిసి భోజనం చేస్తారని తేలింది. ఆ భోజనం మామూలుది, నిరపాయమైనది అని ప్రత్యేకంగా రాశాడు. మనిషి మాంసం తింటారన్న పుకారు అప్పట్లో ఉండేది మరి. చివర్లో, బలి మాంసం కొనేవారు లేక పడిపోయిన బేరం ఇప్పుడు మళ్ళీ పుంజుకుందని ఊరట చెందాడు.

250లో డెకియస్ చక్రవర్తి అందరూ దేవతలకు బలి అర్పించి ధ్రువపత్రం తీసుకోవాలన్నాడు. ఈజిప్టు ఇసుకలో ఆ పత్రాలు నలభైకి పైగా దొరికాయి. 'బలి మాంసం రుచి చూశాను' అని వాటిలో రాసి ఉంటుంది. 313లో ఆరాధనా స్వేచ్ఛ వచ్చాక రోము ప్రభుత్వం వైపు నుంచి ఈ బెడద తగ్గింది.

తోమా నిజంగా భారతదేశానికి వచ్చాడా?

పన్నెండుమంది అపొస్తలుల్లో ఒకడైన తోమా 52లో కేరళ తీరానికి వచ్చాడనీ, మైలాపూరులో చనిపోయాడనీ అక్కడి క్రైస్తవుల బలమైన సంప్రదాయం. అంత పాత శాసనమో పత్రమో లేదు. ఆ రోజుల్లో ఎర్ర సముద్రం నుంచి మలబారుకు మిరియాల ఓడలు నడిచేవి కాబట్టి ప్రయాణం అసాధ్యం కాదు. ఆరో శతాబ్దంలో కాస్మస్ అనే వర్తకుడు మలబారులో క్రైస్తవులున్నారని రాశాడు. అంతవరకు గట్టి నేల.

చదవడం ఎక్కడ మొదలుపెట్టాలి?

అపొస్తలుల కార్యములు మొదటి పదిహేను అధ్యాయాలు, తర్వాత కొరింథీయులకు మొదటి పత్రిక. ఆ తర్వాత ఇందాక చెప్పిన రోమీయులకు పదహారో అధ్యాయానికే తిరిగి రండి, ఈసారి చివరి వాక్యాలకు. పౌలు చెబుతుంటే రాసిపెట్టిన లేఖకుడు ఉన్నట్టుండి తన వందనం కూడా కలిపేస్తాడు. పేరు తెర్తియు. దాని అర్థం మూడోవాడు. ఆ వెంటనే, సంఘమంతటికీ ఆతిథ్యమిచ్చే గాయియు, పట్టణపు ఖజానాదారు ఎరస్తు. వాళ్ళ పక్కనే, ఏ హోదా లేకుండా, సహోదరుడు క్వర్తు. అంటే నాలుగోవాడు. పిల్లలకైనా బానిసలకైనా వరుస అంకె చూసి పెట్టే పేర్లు ఇవి.